పేలికల నుంచి ఉన్నిబట్ట దాకా: ప్రాతో నగరం

ఫ్లోరెన్సులో లోకల్ రైలు ఎక్కితే అరగంటలో ప్రాతో చేరుకోవచ్చు. అయినా ఇటలీ చూసి వచ్చిన మనవాళ్ళలో ఆ పేరు విన్నవారు అరుదు. ఫ్లోరెన్సులో రెండు రోజులు ఉండి, ఒక పూట పీసాకు వెళ్ళి ఒరిగిన గోపురం ముందు ఫొటో దిగి, రోముకు బయలుదేరడం మామూలు. ప్రాతో జనాభా దాదాపు 2 లక్షలు. టస్కనీ ప్రాంతంలో ఫ్లోరెన్సు తరవాత పెద్ద నగరం అదే. మధ్యయుగాల నుంచి నేటి వరకు దాని ప్రధానమైన బతుకుతెరువు బట్ట, అందులోనూ ఉన్నిబట్ట. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి కనుక, గుళ్ళూ బొమ్మలూ ఎక్కడైనా ఉంటాయి, బట్ట మీద ఇన్ని వందల ఏళ్ళు నిలబడిన ఊరు ఎలా ఉంటుందో చూడాలనే కోరికతో వెళ్ళాను. వెళ్ళాక గుళ్ళూ బొమ్మలూ కూడా బట్ట సంగతే చెబుతాయని తెలిసింది.

ముందుగా నీళ్ళ గురించి చెప్పాలి. ఊరి పక్కన పారే బిసెంజియో నది వేసవిలో చూస్తే మన వాగు కన్న పెద్దదేమీ కాదు. కాని మధ్యయుగంలోనే ప్రాతో వాళ్ళు నగరానికి ఉత్తరాన శాంతా లూచియా దగ్గర ఆ నదికి అడ్డంగా ఒక ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి నీళ్ళను మళ్ళించి, మైదానమంతా కాలువలు తవ్వుకున్నారు. స్థానికులు వాటిని గోరె అంటారు. ఆ నీటి ఉరవడితో చక్రాలు తిరిగి, చక్రాలతో పెద్ద పెద్ద కొయ్య రోకళ్ళు లేచి పడేవి. మగ్గం మీద నుంచి దిగిన ఉన్నిబట్ట వదులుగా, గరుకుగా, నూనె జిడ్డుతో ఉంటుంది. దానిని నీళ్ళలో, జిడ్డు పీల్చే మట్టితో కలిపి గంటల తరబడి దంపితే పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, బట్ట కుంచించుకొని, చలికీ వానకూ ఆగే దళసరి గుడ్డ అవుతుంది. కాళ్ళతో తొక్కి చేసే ఈ కష్టాన్ని నీటికి అప్పజెప్పడమే ప్రాతో సంపదకు మొదటి మెట్టు. ఆ కాలువలు చాలావరకు ఇప్పుడు వీధుల కింద కప్పబడిపోయాయి. కోయానో అనే శివారులో పాత దంపుడు మిల్లు ఒకటి మాత్రం మిగిలి ఉంది.

నగరం నడిబొడ్డున సాన్ స్తేఫనో ప్రధాన దేవాలయం. దగ్గరలోని మోంతెఫెర్రాతో కొండల నుంచి తెచ్చిన ముదురాకుపచ్చ రాయి, తెల్లరాయి చారలు చారలుగా పేర్చి కట్టిన గోడలను చూస్తే చారల దుప్పటి గుర్తుకు వచ్చి తీరుతుంది. గుడి ముందు భాగంలో కుడి మూలన, వీధిలోకి పొడుచుకు వచ్చినట్టుగా ఒక గుండ్రని ఉపన్యాస వేదిక ఉంది. 1428లో ఒప్పందం కుదుర్చుకొని దోనతెల్లో, మికెలోత్సో కలిసి పదేళ్ళపాటు చెక్కిన వేదిక అది. చిందులు వేసే పసిపిల్లల అసలు శిల్పాలను వాన, పొగ తగలకుండా పక్కనున్న మ్యూజియంలోకి మార్చి, బయట వాటి నకళ్ళు పెట్టారు. గుడి లోపలి మందిరంలాగా కాక, వీధి వైపు తిరిగిన ఈ వేదిక ఎందుకంటే, అక్కడి నుంచి ఏడాదికి ఐదు సార్లు జనానికి ఒక వస్తువును చూపుతారు. అది మేరీమాత నడికట్టు అని నమ్మకం. సన్నని ఉన్నితో, బంగారు జరీతో నేసిన ఆకుపచ్చని పట్టీ.

మేరీ స్వర్గానికి వెళ్తూ అపొస్తలుడు తోమాకు ఆ పట్టీని జారవిడిచిందనీ, తరవాత యెరూషలేములో మికేలె అనే ప్రాతో వాడు అక్కడి పిల్లను పెళ్ళాడితే కట్నంగా అది వచ్చిందనీ, 1141లో దానితో ఊరు చేరాడనీ కథ. ఎవరైనా దొంగిలిస్తారేమోనన్న భయంతో మికేలె ఆ పెట్టె మీదనే పడుకునేవాడట. పవిత్రమైన దాని మీద పడుకోవడం తప్పని దేవదూతలు రాత్రిపూట అతణ్ణి ఎత్తి కింద పడుకోబెట్టేవారట. ప్రెతోరియో భవనంలోని మ్యూజియంలో బెర్నార్దో దద్ది ఈ కథను చిన్న చిన్న పలకల మీద వరసగా చిత్రించాడు. దేవదూతలు మంచి నిద్రలో ఉన్న మికేలెను కాళ్ళూ చేతులూ పట్టుకొని మోసే పలక దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. నిజానిజాలు ఎలా ఉన్నా, నేతగాళ్ళ ఊరు తనకు పరమపవిత్రంగా ఎంచుకున్నది ఎముకో దంతమో కాక ఒక నేసిన పట్టీ కావడం నాకు చాలా సహజంగా తోచింది. దేవాలయం ప్రధాన మందిరంలో ఫిలిప్పో లిప్పి గీసిన కుడ్యచిత్రాలు ప్రపంచ ప్రఖ్యాతమైనవి, వాటి గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. బైబిలు కథలోని హేరోదు రాజు విందులో సలోమే నాట్యం చేస్తుండగా ఆమె బట్ట మడతలు ఎలా తేలాయో మాత్రం తప్పక చూడండి.

ఇక దాతీని. నగరపాలక భవనం ముందున్న చౌకులో చేతిలో కాగితాలతో నిలబడిన విగ్రహం ఫ్రాంచెస్కో ది మార్కో దాతీనిది. చౌకుల్లో రాజులూ సేనానులూ కనిపించే దేశంలో హుండీ కాగితాలు (సొమ్ము చెల్లింపు కోసం వర్తకులు రాసుకునే పత్రాలు) పట్టుకున్న వర్తకుణ్ణి నిలబెట్టుకున్న ఊరు ఇది. ఆయన సుమారు 1335లో ప్రాతోలో పుట్టాడు. 1348లో ఐరోపాను ఊడ్చిపెట్టిన ప్లేగులో తల్లిదండ్రులను పోగొట్టుకొని, పదిహేనేళ్ళ వయసులో, అప్పుడు పోపుల నివాసంగా ఉన్న ఫ్రాన్సులోని అవిన్యోనుకు పొట్ట చేతపట్టుకొని వెళ్ళాడు. ఆయుధాలు, ఉప్పు, బట్టలు, నగలు, దేనిలో లాభం ఉంటే దానిలో చేయి పెట్టి, మూడు దశాబ్దాల తరవాత ధనవంతుడై తిరిగి వచ్చాడు. పీసా, ఫ్లోరెన్సు, జెనోవా, బార్సెలోనా, వాలెన్సియా, మయోర్కాలలో ఆయన వర్తక కంపెనీలు ఉండేవి. ఇంగ్లండు ఉన్నీ, బలేరిక్ దీవుల ఉన్నీ తెప్పించి, ప్రాతో పరిసరాల్లో వడికించి, నేయించి, రంగులద్దించి, ఆ బట్టను మళ్ళీ ఓడలకెక్కించేవాడు. ఖాతాపుస్తకాల మొదటి పుటలో ‘దేవుని పేరిట, లాభం పేరిట’ అని రాసుకునేవాడు. మన షావుకార్లు పసుపుబొట్టు పెట్టి ‘శ్రీ’ రాసి ఊరుకుంటారు. ఈయన రెండో మాట దాచుకోలేదు.

ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. వెలుపలి గోడల మీద, ఆయన చనిపోయాక, ఆయన జీవితఘట్టాలను చిత్రించారు. అవి వెలిసిపోయి ఎర్రని గీతలు మాత్రమే మిగిలాయి. ఆ ఇంటి విలువ గోడల్లో లేదు, కాగితాల్లో ఉంది. దాతీని తనకు వచ్చిన ప్రతి జాబునూ, తన శాఖల్లో రాసిన ప్రతి లెక్కనూ దాచిపెట్టించాడు. 1410లో ఆయన పోయాక ఆ కాగితాలు క్రమంగా మరుగున పడ్డాయి. 1870లో ఈ ఇంట్లోనే మెట్ల దగ్గర ఒక మూలలో, సంచుల్లో కుక్కి బయటపడ్డాయి. దాదాపు 1,50,000 ఉత్తరాలు, 500కు పైగా ఖాతాపుస్తకాలు, వందల కొద్దీ బీమా పత్రాలు, వేల కొద్దీ హుండీలు. పద్నాలుగో శతాబ్దపు ఐరోపా వ్యాపారం ఎలా నడిచిందో ఆర్థికచరిత్రకారులకు తెలిసిన దానిలో పెద్దభాగం ఈ సంచుల పుణ్యమే. ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం నేడు ఆ ఇంట్లోనే నడుస్తోంది. ఉత్తరాలతోపాటు వ్యాపారులు పంపుకున్న నమూనా బట్టముక్కలు కూడా కొన్ని ఆ దొంతరల్లో మిగిలాయి. నేను ఒక ముద్రితప్రతిలో వాటి ఫొటో చూశాను: బొటనవేలంత గుడ్డముక్కలు, పక్కన రంగు పేరు.

దాతీనిని పూజించవలసిన పని లేదు. భార్య మార్గెరీతకు పిల్లలు లేకపోగా, ఇంట్లో బానిసగా ఉన్న లూచియా అనే ఇరవయ్యేళ్ళ యువతికి ఆయన వల్ల 1392లో ఆడపిల్ల పుట్టింది. లూచియాను ఒక నౌకరుకు ఇచ్చి పెళ్ళి చేశారు. పిల్లను తరవాత మార్గెరీత పెంచింది. ఆ మార్గెరీత ఉత్తరాలే నాకు ఆ భాండాగారం అంతటిలోకీ ఎక్కువ ఆసక్తి కలిగించాయి. భర్త ఎక్కువకాలం ఫ్లోరెన్సులో ఉంటే, ఈమె ప్రాతోలో ఇల్లూ పనివాళ్ళూ సరుకులూ చూసుకుంటూ, మొదట గుమాస్తాలకు చెప్పి రాయించి, ముప్పయ్యేళ్ళు దాటాక తానే రాయడం నేర్చుకొని, భర్తకు గడుసుగా బుద్ధిచెప్పేది. చివరకు దాతీని 70,000 ఫ్లోరిన్లకు (ఫ్లోరెన్సు బంగారు నాణేలు) పైగా ఆస్తిని పేదల కోసం ఒక ధర్మసంస్థకు రాసి, దాని పెత్తనం మతగురువుల చేతిలో కాక పౌరుల చేతిలో ఉండాలని కచ్చితంగా షరతు పెట్టాడు. వ్యాపారికి ఎవరి మీద ఎంత నమ్మకం ఉంచాలో తెలిసి ఉంటుంది.

ప్రాతో మళ్ళీ బట్టల ఊరుగా లేచింది పందొమ్మిదో శతాబ్దంలో, అదీ కొత్త ఉన్నితో కాదు. ప్రాతో వాడైన జొవాన్ని బత్తిస్తా మాద్జోని విదేశాల్లో చదువుకొని, ఉన్నిని ఏకే, వడికే యంత్రాలను ఊళ్ళోకి తెచ్చాడు. పాతబట్టలను చీల్చి మళ్ళీ ఉన్నిగా మార్చే విద్య ఇంగ్లండులోని యార్క్‌షైరులో 1813 ప్రాంతంలో మొదలైంది. కొత్త ఉన్ని కొనే స్తోమత లేని ప్రాతో వాళ్ళు దాన్ని అందిపుచ్చుకొని, తరవాత గురువునే మించిపోయారు. ఐరోపా నలుమూలల నుంచీ, తరవాత అమెరికా నుంచీ పాతబట్టల బేళ్ళు లివోర్నో రేవుకు చేరేవి. అక్కడి నుంచి ప్రాతోకు. ఇవాళ ‘పర్యావరణహితం’ అని అట్ట మీద అచ్చేసి అమ్ముకుంటున్న పని ఒకప్పుడు చవక దుప్పట్లూ శాలువలూ చేసి పేదదేశాలకు అమ్ముకునే మార్గం. ఆ రోజుల్లో దీనికి గౌరవం ఉండేది కాదు. ప్రాతో బట్ట అంటే బేరగాళ్ళు ముక్కు విరిచేవారు.

ఆ యంత్రయుగాన్ని చూడాలంటే కోటగోడల లోపలే ఉన్న కాంపోల్మి మిల్లుకు వెళ్ళాలి. ఇటుకల పొగగొట్టం, పొడవాటి షెడ్లు, మధ్యలో నీటితొట్టి. మిల్లు మూతపడ్డాక ఆ ఆవరణను కూల్చకుండా బాగుచేసి, 2003లో ఒక భాగంలోకి వస్త్ర మ్యూజియంను తరలించారు. ఇంకో భాగంలో లాద్జెరీని పేరుతో నగర గ్రంథాలయం 2009 నుంచి నడుస్తోంది. మూతపడిన మిల్లు స్థలం చూస్తే షాపింగ్ మాల్ తప్ప మరొకటి తోచని మన పెద్దలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళాలనిపించింది. మ్యూజియంలో పాతకాలపు నేతలూ జరీబట్టలూ బాగున్నాయి కాని, నన్ను కట్టిపడేసింది కింది గదిలో ఉంచిన ఆవిరి బాయిలరు. దాని ముందు నిలబడితే, ఆ వేడి దగ్గర రోజుకు ఇన్ని గంటలని పనిచేసినవారి సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ మిల్లుల కార్మికులే 1944 మార్చిలో నాజీల ఆక్రమణకు వ్యతిరేకంగా సమ్మె కట్టారు. ఫలితంగా వందమందికి పైగా ప్రాతో వాళ్ళను వీధుల్లో పట్టుకొని ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ శిబిరానికి తరలించారు, అక్కడి నుంచి చాలామందిని ఎబెన్‌జే సొరంగాల పనికి పంపారు. తిరిగి వచ్చినవారు కొద్దిమందే. ఊరి శివారులోని ఫిలీనెలో ఈ చరిత్రకు ప్రత్యేకంగా మ్యూజియం ఉంది. ఎబెన్‌జే పట్టణంతో ప్రాతో తరవాత సోదరబంధం కలుపుకుంది.

పేలికల పనిని అద్దాల పెట్టెలో కాక కళ్ళారా చూడాలని ఉండి, అక్కడ స్థిరపడిన ఒక మిత్రుడి ద్వారా ఒక గోదాముకు వెళ్ళాను. పాతబట్టలు ఏరేవాణ్ణి అక్కడ చెంచయోలో అంటారు. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు బల్ల ముందు నిలబడి, బేలు లోంచి ఒక్కొక్క స్వెట్టరునూ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, చూపు తిప్పకుండానే చుట్టూ ఉన్న పెట్టెల్లో ఏదో ఒకదానిలోకి విసురుతున్నారు. మెరీనో ఉన్ని ఒక పెట్టె, కష్మీరు ఒక పెట్టె, మామూలు ఉన్ని రంగు వారీగా నాలుగైదు పెట్టెలు. అనుమానం వచ్చిన చోట ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించి చూపించారు. ఉన్ని పోగు వెంట్రుక కాలిన వాసన కొట్టి, వేళ్ళ మధ్య బూడిదై రాలింది. ఇంకో స్వెట్టరు పోగు కుంచించుకుపోయి చిన్న నల్లపూసలా గట్టిపడింది. ఆ రెండో స్వెట్టరు చీటీ మీద ‘ఉన్ని’ అనే ఉంది. ఆయన చీటీని చింపి నా చేతిలో పెట్టి, నవ్వి, స్వెట్టరును చెత్త వైపు విసిరారు.

ఏరిన తరవాత గుండీలు, జిప్పులు, అస్తరు, కుట్టుదారాలు కోసి తీసేస్తారు. కోటులాంటి వాటిలో ఉన్నితోపాటు నూలుపోగులు ఉంటే వాటిని ఆమ్లపు ఆవిరికి గురిచేస్తారు. నూలు పెళుసై దుమ్ముగా రాలిపోతుంది, ఉన్ని నిలుస్తుంది. ఆ తరవాత నీళ్ళు పోస్తూ, ముళ్ళున్న సిలిండర్ల మధ్య చీల్చి మళ్ళీ విడి ఉన్నిగా చేస్తారు. ఇలా వచ్చిన పోగు పొట్టిగా ఉంటుంది కనుక కొంత కొత్త ఉన్నినో నైలాన్‌నో కలిపి, ఏకి, వడుకుతారు. అసలు నైపుణ్యం రంగులో ఉంది. నీలిరంగు కావాలంటే నీలిమందు వేయరు. పాత నీలి స్వెట్టర్ల ఉన్నికి ఇంత నలుపు, ఇంత బూడిదరంగు, చిటికెడు ఎరుపు కలిపి, అడిగిన ఛాయను తెప్పిస్తారు. అద్దకం లేదు కనుక నీళ్ళూ రసాయనాలూ ఆదా అవుతాయి. ప్రాతో వాణిజ్యమండలి మొదలుపెట్టిన ‘కార్దాతో రీసైకిల్డ్’ ముద్ర కావాలంటే బట్టలో కనీసం 65 శాతం తిరిగి వాడిన పదార్థం ఉండాలి, పని ఆ ప్రాంతంలోనే జరిగి ఉండాలి. మన దేశంలో ఇదే విద్యను పానీపత్ పట్టుకుంది; మన రైల్వే స్టేషన్ల బయట చలికాలం అమ్మే ముతక కంబళ్ళు అక్కడివే ఎక్కువ.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ప్రాతో మిల్లుల కథ నాకు ఇంటి కథలా వినిపించింది. యాభైల ముందువెనుకల పెద్ద మిల్లులు సంక్షోభంలో పడి, పనిలోంచి తీసేసిన కార్మికులకే మగ్గాలను అప్పజెప్పాయి. వాళ్ళు ఆ మగ్గాలను ఇంటి కింది గదిలో పెట్టుకొని కూలికి నేయడం మొదలుపెట్టారు. ఆర్డరు పట్టి, ఒకరి దగ్గర వడికించి, మరొకరి దగ్గర నేయించి, ఇంకొకరి దగ్గర తుదిమెరుగు దిద్దించి అమ్మేవాడు ఇంపన్నతోరె. ఆయనకు సొంత మగ్గం ఉండనక్కరలేదు. సిరిసిల్లలో యజమాని నూలు ఇస్తే తన మరమగ్గాల మీద నేయించి ఇచ్చే ఆసామి ఎవరో, అక్కడ ఆ కూలిమగ్గాలవాడు అతనే. జకోమో బెకత్తీని అనే ఆర్థికవేత్త ఈ ఏర్పాటును పరిశీలించి, పెద్ద కంపెనీ లేకుండానే చిన్నవాళ్ళ గుంపు పెద్ద కంపెనీతో పోటీపడగలదని సిద్ధాంతీకరించాడు. సిద్ధాంతం సరైనదే. కాని అలా పోటీపడడానికి ఇంటిల్లిపాదీ రాత్రింబవళ్ళు మగ్గం దగ్గర ఉండాలన్న సంగతి ఆసామి కొడుకులకు పుస్తకం చదవకుండానే తెలుసు.

నడుమ ఒక మాట. ప్రాతో వెళ్ళి బాదంపప్పు బిస్కెట్లు తినకుండా రావద్దు. 1858లో మొదలైన మత్తేయీ దుకాణం వాటిని నీలికాగితపు సంచిలో కట్టి ఇస్తుంది. రాయిలా ఉంటాయి కనుక తీపి ద్రాక్షసారాయంలో ముంచి తింటారు. కాఫీలో ముంచినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

1990ల నుంచి ప్రాతోకు చైనా నుంచి, ముఖ్యంగా వెంజౌ ప్రాంతం నుంచి, వేలమంది వచ్చారు. పిస్తోయా వీధిలో ఎక్కడ చూసినా చైనా లిపి బోర్డులే కనిపిస్తాయి. వీరు ఇటాలియన్ల మగ్గాలను లాక్కున్నారనే మాట అక్కడ తరచు వినబడుతుంది కాని, వీరు చేపట్టింది నేత కాదు, రెడీమేడ్ కుట్టుపని. ఎక్కువగా బయటి నుంచి తెచ్చిన చవక బట్టను కత్తిరించి, కుట్టి, ‘మేడ్ ఇన్ ఇటలీ’ చీటీతో ఐరోపా సంతలకు రోజుల్లో అందించే వ్యాపారం. దాని వెనుక ఉన్న కష్టం 2013 డిసెంబరు 1న లోకానికి తెలిసింది. ఒక కుట్టు కర్మాగారంలో మంటలు లేచి, అక్కడే అట్టగోడల అరల్లో నిద్రపోతున్న ఏడుగురు చైనా కార్మికులు చనిపోయారు. ఆ తరవాత తనిఖీలు పెరిగాయి. తక్కువ ధరకు కొనే పెద్ద దుకాణాల బాధ్యత గురించి మాత్రం ఇప్పటికీ తక్కువగానే మాట్లాడుతున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ప్రాతోలో ఉన్నంతసేపూ నేను దాని గురించే ఆలోచించాను. ఊళ్ళో ఒక సగం పాత ఉన్నిని ఏరి కొత్త బట్ట చేస్తోంది. మరో సగం పాలియెస్టరు, ఎలాస్టేను (రబ్బరులా సాగే కృత్రిమ పోగు) కలిసిన చవక బట్టలను కుడుతోంది. రెండు ఉతుకులకు వదిలిపోయే ఆ బట్టలు పాతవై తిరిగి వచ్చినా ఈ మొదటి సగం వాటిని ఏమీ చేయలేదు. చీల్చితే ఉన్ని రాదు, దుమ్ము వస్తుంది. ఇటలీలో 2022 నుంచి, ఐరోపా సంఘమంతటా 2025 నుంచి పాతబట్టలను మామూలు చెత్తతో కలపకుండా విడిగా సేకరించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. దానితో వచ్చే బేళ్ళ సంఖ్య పెరుగుతుంది, బేలులో దొరికే ఉన్ని మాత్రం తగ్గుతోంది. గోదాములోని పెద్దాయన ఫిర్యాదు కూడా అదే: ఒకప్పుడు బేలు విప్పితే ఎక్కువభాగం పనికివచ్చేది, ఇప్పుడు ఎక్కువభాగం నల్లపూస అయ్యేదే.

కాంతిని ప్రసరింపజేసి పోగు ఏమిటో క్షణంలో చెప్పే ఏరుడు యంత్రాలు వస్తున్నాయి కదా, వాటి మాటేమిటని మిత్రుడి ద్వారా అడిగించాను. యంత్రం వేగంగానే చూస్తుందనీ, నల్లరంగు దగ్గర తడబడుతుందనీ, కోటు పైబట్టను చూసి లోపలి అస్తరును మరిచిపోతుందనీ ఆయన ఓపికగా చెప్పారు. ఇంకో స్వెట్టరు తీసి నలుపుతూ, ఆ యంత్రం అమ్మేవాళ్ళను మీరు కలిస్తే గుండీలు ఎవరు కోస్తారో కూడా కనుక్కొని చెప్పండని అన్నారు.